రాబిన్ పిట్ట పిల్ల ఎగరలేక నేల మీద ఉంటే తల్లి వదిలేసినట్టా?

చాలావరకు కాదు. అమెరికన్ రాబిన్ పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డ సుమారు 13 రోజులకే గూడు దిగుతాయి. అప్పటికి సరిగా ఎగరడం రాదు. ఒంటినిండా ఈకలు, రొమ్ము మీద మచ్చలు, పొట్టి తోక ఉంటే అది ఆ వయసు పిల్లే. పొదల కింద గెంతుతుంటే పెద్దవి వానపాములు, పురుగులు తెచ్చి నోట్లో పెడతాయి. తరచుగా ఆ పని తండ్రిదే, తల్లి ఈలోగా రెండో విడత గుడ్ల పనిలో పడుతుంది. మీరు పక్కనే నిలబడితే మాత్రం అవి రావు. దూరం జరగండి, పిల్లినీ కుక్కనూ ఇంట్లోనే ఉంచండి.

ఈకలు రాని పిల్లైతే వేరే సంగతి. మెల్లగా ఎత్తి గూట్లో పెట్టేయండి. మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్నది వట్టి అపోహ.

నోట్లో నీళ్లు అసలు పోయకండి. శ్వాసనాళం ద్వారం నాలుక వెనకే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, బ్రెడ్ కూడా వద్దు. రెక్క వేలాడుతున్నా, పిల్లి నోట పడినా వన్యప్రాణి సంరక్షకులకు వెంటనే అప్పగించాలి. పిల్లి పంటి గాటు పైకి కనపడకపోయినా లోపల ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం తీస్తుంది.