కళాకారులను పిలిచే ఉత్తరంలోనే లెక్కంతా ఉండాలి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఇంటి ఖర్చు నెలకు 28 వేలు. మహేంద్రతనయ నది ఇతివృత్తంగా సవర గిరిజన చిత్రకారులు, గాయకులు, తెలుగు, ఒడియా కవులు, కొమ్ముతో వస్తువులు చేసేవారు కలిపి పన్నెండు మందిని పిలిచి ఒక సంపుటి తేవాలని ఉంది. పెట్టెలో విడి బొమ్మలు, చిన్న పుస్తకం, పాటలు వినడానికీ ఆరు నిమిషాల వీడియో చూడడానికీ క్యూఆర్ కోడ్ ఉంటాయి. 200 పెట్టెలు, ఒక్కోటి 1,800 రూపాయలు. గిడుగు రామమూర్తి గారి జయంతి ఆగస్టు 29న విడుదల చేయాలని కోరిక. ఖర్చు 3.9 లక్షలని వేసుకున్నాను. 2 లక్షలది ఒకటి, 2.2 లక్షలది ఒకటి ఎఫ్‌డీలున్నాయి. రెండోది 8 నెలల్లో మెచ్యూర్ అవుతుంది. వచ్చే జూన్‌లో అబ్బాయి ఫీజు 32 వేలు కట్టాలి. ముగ్గురు స్నేహితులు తలా 25 వేలు ఇస్తామంటున్నారు. ఎఫ్‌డీలు తీసేయాలా? ట్రస్టు పెట్టాలా? కళాకారులకు లాభంలో వాటా అంటే సరిపోతుందా?

జవాబు: మీ ఊళ్లో ఉండి సవర మాటలు ఏరి నిఘంటువు కట్టిన గిడుగు వారి పుట్టినరోజుకు సవర, తెలుగు, ఒడియా మూడూ కలిసిన పుస్తకం రావడం చాలా మంచి ఆలోచన. అది ఆగిపోకూడదనే ఈ లెక్క కొంచెం గట్టిగా చెబుతున్నాను.

ముందు మీరు పోగొట్టుకోగల మొత్తం ఎంతో తేల్చుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 1,68,000. అబ్బాయి ఫీజు 32,000. ఈ రెండూ కలిపితే సరిగ్గా 2 లక్షలు, అంటే మీ మొదటి ఎఫ్‌డీ. దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన 2.2 లక్షలే ఈ పనికి హద్దు. 3.9 లక్షల ప్రణాళిక అందులో ఇమడదు కాబట్టి 200 ప్రతులను 100కు, పన్నెండు మందిని తొమ్మిదికి తగ్గించండి. కొమ్ము పనిని రెండో విడతకు వాయిదా వేయండి. చేత్తో కోసి, అరగదీసి, మెరుగుపెట్టే వస్తువును వంద పెట్టెలకు సరిపడా తేదీ లోపు ఇమ్మంటే పని పాడవుతుంది, లేదా మీ తేదీ పోతుంది.

రెండో ఎఫ్‌డీని కూడా విరగ్గొట్టొద్దు. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే డిపాజిట్ హామీగా కావలసినప్పుడు కావలసినంత తీసుకునే అప్పు, అడగండి. సాధారణంగా 90 శాతం వరకు, అంటే 1,98,000 దాకా ఇస్తారు. వడ్డీ ఎఫ్‌డీ రేటుకన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది గానీ, వాడుకున్న సొమ్ముకే, వాడుకున్న రోజులకే పడుతుంది. సగటున లక్ష రూపాయలు ఏడు నెలలు వాడితే 8 శాతం లెక్కన సుమారు 4,700. ఎఫ్‌డీ ముందే తీస్తే అపరాధ రుసుము ఒక్కటే కాదు, గడిచిన కాలానికి ఉన్న తక్కువ రేటు కట్టి మొత్తం డిపాజిట్ మీద వడ్డీ కోస్తారు. మెచ్యూరిటీకి 8 నెలలే ఉన్నప్పుడు ఆ నష్టం ఎందుకు? ఎఫ్‌డీ చేతికొచ్చిన రోజున ఓవర్‌డ్రాఫ్ట్ తీరిపోతుంది.

తొమ్మిది మంది లెక్క ఇలా వేశాను. ముగ్గురు చిత్రకారులు తలా రెండు బొమ్మలు, బొమ్మకు 6,000 చొప్పున 36,000. ఇద్దరు గాయకులకు 10,000. సౌండ్ రికార్డిస్టు మూడు రోజులకు 12,000. ఇద్దరు కవులకు 12,000. వీడియో ఎడిటర్‌కు 10,000. షూటింగ్ మీ కెమెరాతోనే కాబట్టి దానికి లెక్క కట్టలేదు. కళాకారుల పారితోషికం మొత్తం 80,000. సవర భాషా సహాయం, మూడు లిపుల ప్రూఫులు 6,000. ప్రయాణం, భోజనాలు 18,000. రంగు ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు రంగులు సరిచూసుకునే నమూనాలు, 4,000. ముద్రణ, బైండింగ్ ప్రతికి 520 లెక్కన 52,000. ప్యాకింగ్, కొరియర్ 9,000. ఒప్పంద పత్రాలకు 3,000. రెండు హార్డ్‌డిస్కులు, ఐదేళ్ల వెబ్ చోటుకు 10,000. ఇదంతా 1,82,000. పైన 28,000 ఊహించని ఖర్చుకు. మొత్తం 2,10,000. ఓవర్‌డ్రాఫ్ట్ పోగా ఇంకా కావలసిన 12,000 స్టూడియో రాబడిలోంచి నెలకింత పెట్టండి. ప్రతికి 520 అనేది నా అంచనా. శ్రీకాకుళం, విశాఖ, బరంపురం మూడు చోట్లా కొటేషన్ తెప్పించుకోండి. వంద ప్రతులకు డిజిటల్ ముద్రణే అడగండి, ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు ఇంత తక్కువ ప్రతులకు గిట్టదు.

రంగు ప్రూఫులను మాత్రం దాటేయొద్దు. సవరల సంప్రదాయ గోడ చిత్రమైన ఇడితాల్‌లో ఎర్రమట్టి పూత మీద బియ్యప్పిండి తెలుపు ఉంటుంది. ఆ ఎరుపు ముద్రణలో నారింజ వైపు జారుతుంది, తెలుపు పసుపు తిరుగుతుంది. 100 ప్రతులు అచ్చయ్యాక ఈ తేడా కనబడితే 52,000 నీళ్లలో పోసినట్టే. అలాగే పిండి పూత ఉన్న గుడ్డను చుట్టి తెస్తే రేకులు రేకులుగా లేస్తుంది. రెండు అట్టల మధ్య పరిచి తెచ్చుకోండి, వచ్చిన రోజే ఫొటో తీసేయండి.

ధర దగ్గర మీ లెక్కలో పొరపాటుంది. వంద ప్రతుల్లో 15 కళాకారులకు, గ్రంథాలయాలకు పోతాయి. 60 మీరు నేరుగా అమ్మి, 25 దుకాణాలకు 40 శాతం కమిషన్ మీద ఇచ్చారనుకోండి. 1,800 ధరకు చేతికొచ్చేది 1,08,000, ఆపైన 27,000. అంటే మొత్తం 1,35,000. అన్నీ అమ్ముడుపోయినా 1,82,000 ఖర్చుకు 47,000 తరుగు! ధర 2,400 పెడితే 1,44,000కు 36,000 కలిసి 1,80,000 వస్తుంది, ఖర్చుకు దాదాపు సరి. అందుకే కళాకారులకు లాభంలో వాటా అని చెప్పొద్దు. మొదటి ముద్రణలో లాభమే ఉండదు. కొండ దిగి వచ్చి పది రోజులు గీసిన మనిషికి కూలి కూడా దక్కనట్టవుతుంది. నిర్ణీత పారితోషికం ఇవ్వండి, వాటా రెండో ముద్రణ నుంచి పెట్టండి. రెండో వందకు అచ్చు, కొరియర్ కలిపి 61,000 చాలు. 70 నేరుగా, 30 దుకాణాల్లో అమ్మితే 2,11,200 వస్తుంది. అందులో 20 శాతం, అంటే 42,240, తొమ్మిది మందికి సమంగా పంచితే తలా 4,690 పైచిలుకు. వాటాను వసూళ్ల మీద కట్టండి. లాభం మీద కడితే ఏది ఖర్చు, ఏది కాదన్న తగవు తప్పదు.

ఇక ఆహ్వానం. చాలామంది దాన్ని మర్యాద ఉత్తరంగా రాసి, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం అంటారు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ఉత్తరంలో ఇతివృత్తం నాలుగు వాక్యాలు చాలు. మిగతాదంతా ఇదే: ఎన్ని బొమ్మలు, ఏ కొలత (18 × 24 అంగుళాలు), పారితోషికం ఎంత, ఏ తేదీకి ఎంత చెల్లిస్తారు, రంగులు, గుడ్డ ఎవరి ఖర్చు, అసలు బొమ్మ ఎవరికి చెందుతుంది, ఎక్కడెక్కడ వాడతారు, ఎన్నేళ్లు, పేరు ఎలా వేస్తారు, ఎన్ని ప్రతులు ఉచితం, పని మధ్యలో మీరే ఆపేస్తే తీసుకున్న అడ్వాన్స్ వారిదేనా. అసలు బొమ్మ కళాకారుడికే తిరిగి ఇవ్వాలన్నది నా సలహా. కొనాలనిపిస్తే వేరే ధరకు, వేరే రసీదుతో కొనండి. చిత్రకారులకు సగం ముందుగా, సగం బొమ్మ అందిన రోజున ఇవ్వండి. మిగతావారికి 30, 40, 30 శాతాలుగా మూడు విడతలు. ఉత్తరం చదవలేని వారికి సవరలో చదివి వినిపించి, సాక్షి చేత సంతకం పెట్టించండి.

కాపీరైట్ ఒప్పందం కాగితం మీద లేకపోతే ఏమవుతుందో తెలుసుకోండి. 1957 చట్టం ప్రకారం డబ్బిచ్చి గీయించిన చిత్రం, తీయించిన ఫొటో, సినిమా హక్కు, వేరే ఒప్పందం లేకపోతే చేయించినవారికి వెళ్తుంది. పాట, కవితలకు ఈ నియమం లేదు, అవి రాసినవారివే. అంటే ఒకే సంపుటిలో చిత్రకారుడు తెలియకుండానే హక్కు పోగొట్టుకుంటాడు, మీకేమో పాట వాడుకునే హక్కే ఉండదు. రెండూ అన్యాయమే. హక్కు కళాకారుడిదేనని, ఈ పుస్తకానికి, ప్రదర్శనకు, వెబ్‌కు వాడుకునే అనుమతి మాత్రం మీదని అందరికీ ఒకేలా రాయండి. హక్కులిచ్చే పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టం లెక్కగడుతుంది. రెండూ స్పష్టంగా రాసేయండి.

ఇడితాల్ మరో జాగ్రత్త కోరుతుంది. అది ఇంటి లోపలి గోడ మీద దేవతల కోసం, పితరుల కోసం వేసేది. ఏది బయట అచ్చు వేయొచ్చో, ఏది వేయకూడదో ఊరి పెద్దలను అడిగి, వారు వద్దన్నది వదిలేయండి. ఈ చిత్రానికే లంజియా సవర చిత్రం పేరుతో 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఎక్కడో కాపీ గీయించి ఆ పేరు అట్ట మీద వేస్తే చట్టంతో చిక్కు.

ట్రస్టు ఇప్పుడు వద్దు. పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు, ఏటా లెక్కలు, ఆడిటు అన్నీ నెత్తిన పడతాయి. స్టూడియో పాన్ మీదే చేయండి. నిరుడు మీ వ్యాపార టర్నోవర్ కోటి దాటకపోతే పారితోషికాల మీద ముందే పన్ను (టీడీఎస్) కోయాల్సిన బాధ్యత వ్యక్తిగా మీకు లేదు. ఖర్చుగా చూపాలంటే ఒకరికి ఒకే రోజు పదివేలకు మించి నగదు ఇవ్వకండి. బ్యాంకు ద్వారా పంపండి, లేదా వోచర్ మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. టర్నోవర్‌లో 6 లేదా 8 శాతం లాభమని అంచనా పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే మాత్రం ఈ ఖర్చు విడిగా తగ్గదు. ఏ పద్ధతి గిట్టుబాటో మీ ఆడిటర్‌తో సంవత్సరం మొదట్లోనే తేల్చుకోండి.

స్నేహితుల 75 వేలు విరాళంగా తీసుకోవద్దు. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన కానుకలు 50 వేలు దాటితే, దాటిన 25 వేలే కాదు, మొత్తం 75 వేలూ మీ ఆదాయమే. తలా పది ప్రతులు ముందుగా కొనమనండి. 24,000 చొప్పున 72,000 వస్తుంది, 60 ప్రతుల్లో సగం అప్పుడే అమ్ముడైనట్టు. ఆ సొమ్ము వేరే ఖాతాలో ఉంచి, పుస్తకాలు పంపాకే వాడండి.

సరిహద్దు ఊరివారు కాబట్టి జీఎస్టీ సంగతి కూడా. ఆంధ్రలోని పాతపట్నం పక్కనే ఉన్నా అక్కడికి అమ్మితే అంతర్రాష్ట్ర అమ్మకమే. పన్ను పడే వస్తువైతే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి, 40 లక్షలో 20 లక్షలో అన్న పరిమితి అక్కడ పనికిరాదు. చేతివృత్తుల వస్తువులకు కొన్ని మినహాయింపులున్నా అచ్చు బొమ్మలకు అవి వర్తించవు. పెట్టెలో విడి బొమ్మలు పన్ను పడే వస్తువు. అవే బొమ్మలను పుట సంఖ్యలు వేసి, పక్కన వాటికి సంబంధించిన వచనంతో సంపుటిగా బైండ్ చేస్తే అది అచ్చు పుస్తకం, పన్ను సున్నా. పెట్టె ఆలోచన మానేసి పుస్తకంగా కట్టించండి. బిల్లు మీద వర్గీకరణను మాత్రం ఆడిటర్ చేత ఒకసారి చూపించుకోండి.

క్యూఆర్ కోడ్ నెలసరి చందా సేవల్లో చేయించొద్దు. చందా ఆగిన రోజు అచ్చయిన వంద పుస్తకాల్లోనూ పాట మూగబోతుంది. సొంత డొమైన్ కొని, దాని చిరునామాకే నేరుగా కోడ్ చేయించండి.

నది రికార్డింగ్ ఫిబ్రవరిలో తెల్లవారుజామున పెట్టుకోండి, మైకుకు గాలి తొడుగు ఉండాలి. బొమ్మలు ఏప్రిల్ చివరికి, ప్రూఫులు మే నెలలో, అచ్చు జూన్‌లో. మే 15కు స్నేహితులవి కలుపుకుని 40 ఆర్డర్లు రాకపోతే 60 ప్రతులే వేయించండి. ప్రతి ఖర్చు కొంచెం పెరిగినా చేతిలోంచి పోయేది తగ్గుతుంది. కళాకారుల పారితోషికంలో మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించకండి.