నది గురించి నిర్ణయం ఏ తారీఖున?

ఎన్నికలకీ నదులకీ ఉన్న సంబంధం గురించి పోయిన నెల ఈ శీర్షికలో రెండు మాటలు రాస్తే ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి అయిదు తీసుకున్నాను. కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట. నేను ఇరవై ఆరేళ్ళు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. రాజకీయ విశ్లేషకురాలిని కాను. నాకు తెలిసినవి నది నీళ్ళు, ఆ నీళ్ళ గురించి పుట్టే కాగితాలు, ఆ కాగితాలు ఏ బల్ల దగ్గర ఆగిపోతాయో ఆ సంగతులు.

ప్రతి ఎన్నికలోనూ 'నదిని శుభ్రం చేస్తాం' అంటారు. గెలిచాక ఒడ్డున పార్కు వస్తుంది, రంగు లైట్లు వస్తాయి. నీళ్ళు మాత్రం అలాగే నల్లగా ఉంటాయి. ఓటుతో నది బాగుపడుతుందని మీరు నిజంగా నమ్ముతున్నారా?
*– ఒక వ్యాపారి*

నమ్ముతున్నాను. అయితే ఎలాంటి ఓటు అన్నది ముఖ్యం.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరం మధ్యలోంచి కుయహోగా అనే నది పారుతుంది. 1969 జూన్ 22న దాని మీద తేలుతున్న నూనెకు, చెత్తకు నిప్పంటుకుంది. అరగంటలోపే ఆర్పేశారు. నది తగలబడడం అక్కడ కొత్త కాదు. అంతకుముందు వందేళ్ళలో పదిసార్లకు పైగా జరిగింది. ఈసారి మాత్రం దేశమంతా మాట్లాడుకుంది, 1972లో స్వచ్ఛ జల చట్టం వచ్చింది. అధ్యక్షుడు నిక్సన్ వీటో చేస్తే మర్నాటికల్లా ఉభయ సభలూ ఆ వీటోను తోసిపుచ్చాయి. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే.

నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది మంటకు ముందు జరిగినది. 1968 నవంబరులో, అంటే ఏడు నెలల ముందే, క్లీవ్‌లాండ్ ఓటర్లు నదిలో కాలుష్యం తగ్గించే పనులకోసం 10 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటేసి ఒప్పుకున్నారు. బాండ్లంటే అప్పు. తీర్చాల్సింది ఆ ఊరి జనమే. ఫొటోలు లేవు, మంటలు లేవు, పత్రికల హడావుడి లేదు. అయినా మా నదికోసం ఇంత అప్పు మోస్తాం అని బ్యాలెట్ పెట్టె దగ్గర చెప్పారు. ఒకప్పుడు చేపలే లేని భాగాలున్న ఆ నదిలో ఇప్పుడు 70 రకాలకు పైగా చేపలున్నాయి. దానికి చట్టం ఎంత కారణమో ఆ డబ్బూ అంతే కారణం.

'నదిని శుభ్రం చేస్తాం' అన్నది వాగ్దానం కాదండీ. అందులో అంకె లేదు, తారీఖు లేదు. ఊరి పక్కన పారే నది నల్లబడడానికి చాలాచోట్ల పెద్ద కారణం శుద్ధి చేయకుండా వదిలే మురుగునీరు. కాబట్టి ఓటడగడానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ఇవి అడగండి. ఊరిలో రోజుకు మురుగు ఎన్ని లీటర్లు వస్తుంది? శుద్ధి కేంద్రం సామర్థ్యం ఎంత? అందులోకి నిజంగా చేరుతున్నది ఎంత? కరెంటు పోతే పంపులు నడవడానికి జనరేటర్ ఉందా, లేక గేటెత్తి నేరుగా నదిలోకి వదిలేస్తున్నారా? చివరి ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. తెలియదంటే తప్పేమీ లేదు. తెలుసుకుని ఫలానా రోజుకల్లా చెప్తానంటే ఆ రోజు రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. మునిసిపల్ కౌన్సిల్ ఎన్నికల్లో పోలింగ్ తక్కువ కావడం చాలా దేశాల్లో ఉన్నదే. మురుగు కాలువల బడ్జెట్ పాసయ్యేది మాత్రం ఎక్కువగా ఆ కౌన్సిల్లోనే. పెద్ద ఎన్నికకు క్యూలో నిలబడి చిన్న ఎన్నిక రోజు ఇంట్లో ఉండిపోతే, నది విషయంలో అసలు ఓటు వదులుకున్నట్టే.

మా దగ్గర పోటీ చేసేవాళ్ళెవరూ నది ఊసే ఎత్తరు. ఇద్దరిదీ ఒకే ధోరణి. ఎవరికి వేసినా ఒకటే అయినప్పుడు ఏం చేయాలి?
*– రిటైర్డ్ ఉపాధ్యాయిని*

అమ్మా, మీ ఉత్తరం చదవగానే నాకు టాస్మేనియా గుర్తొచ్చింది. ఆస్ట్రేలియాలోని ఆ దీవి రాష్ట్రంలో ఫ్రాంక్లిన్ నదిని ముంచేసే ఆనకట్ట కట్టాలని చూశారు. 1981 డిసెంబరులో ప్రజాభిప్రాయం కోసం ఓటింగ్ పెట్టారు. బ్యాలెట్ మీద రెండే ఎంపికలు. ఆనకట్ట ఇక్కడ కట్టాలా, అక్కడ కట్టాలా? అసలు వద్దు అనే గడి లేదు. అప్పుడు ఓటర్లలో సుమారు మూడోవంతు మంది బ్యాలెట్ కాగితం మీద తమ చేత్తో 'ఆనకట్టలు వద్దు' అని రాసి పెట్టెలో వేశారు. లెక్క ప్రకారం అవి చెల్లని ఓట్లు. అయినా అన్ని వేల కాగితాల మీద ఒకే మాట కనబడితే లెక్కపెట్టేవాళ్ళు చూడకుండా ఉండగలరా? 1983 మార్చిలో జరిగిన జాతీయ ఎన్నికలో అదే పెద్ద అంశమైంది. ఆనకట్టను ఆపుతామన్న పార్టీ గెలిచింది. ఆ ఏడాది జులై 1న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 4–3 తేడాతో కేంద్రానికి ఆపే అధికారం ఉందని తేల్చింది. ఫ్రాంక్లిన్ ఇవాళ్టికీ స్వేచ్ఛగా పారుతోంది.

ఓటు చెల్లకుండా చేసుకోమని నేను మీకు చెప్పడం లేదు. కాగితం మీద గడి లేనంత మాత్రాన మీ మాట లేనట్టు కాదు అంటున్నాను, అంతే. మీలాంటి పది ఇళ్ళవాళ్ళు కలిసి నది గురించి మూడు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి, నామినేషన్ల గడువు ముగిసిన వారంలోనే అభ్యర్థులిద్దరికీ ఇవ్వండి. లిఖితపూర్వకంగా జవాబు అడగండి. జవాబిచ్చినవారి కాగితం, ఇవ్వనివారి పేరు ఎదురుగా ఖాళీ, రెండూ పక్కపక్కన అందరికీ కనబడేలా పెట్టండి. ఆ ఖాళీని చూస్తే ఏ అభ్యర్థికైనా టెన్షన్ పుడుతుంది.

ఫ్యాక్టరీ విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ సభ అంటే పని మానుకుని వెళ్ళాను. మైకు రెండు నిమిషాలు ఇచ్చారు. ఆవేశంగా మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. చివరికి అనుమతి ఇచ్చేశారు. అంతా ముందే అయిపోయిన తంతు అనిపించింది. ఇక ఎందుకు వెళ్ళాలి?
*– ఒక రైతు*

మీ బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే అలాంటి సభల్లో నేను బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. మీకెవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. సభ అయిపోయాక ఫైల్లోకి వెళ్ళేది చప్పట్లు కాదు, మినిట్స్, అంటే ఎవరేం మాట్లాడారో రాసిన కాగితం. 'కొందరు అభ్యంతరం తెలిపారు' అని ఒక్క వాక్యం రాస్తే ఆవేశమంతా అందులో కలిసిపోతుంది. అదే ఒకాయన లేచి, 'మీ పర్యావరణ ప్రభావ నివేదికలో 41వ పేజీలో నీటి శాంపిల్ మధ్యాహ్నం రెండింటికి తీశారని ఉంది. తెల్లవారుజామున ఎందుకు తీయలేదు?' అని అడిగితే ఆ వాక్యాన్ని అలాగే ఎక్కించాల్సి వస్తుంది, దానికి జవాబూ రాయాల్సి వస్తుంది.

ఆ ప్రశ్న సరదాకి రాయలేదు. నీటిలో మొక్కలు, నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అన్నీ పీల్చుకోవడమే. అందుకే ఎక్కువగా తెల్లవారే ముందు నదిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. చేపలు చచ్చి తేలేది కూడా చాలాసార్లు ఆ వేళకే. మధ్యాహ్నం తీసిన శాంపిల్ ఆరోగ్యంగా కనబడిందంటే నది ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. ఈ సంగతి ఏటి ఒడ్డున పొలమున్న మీకు మాకంటే బాగా తెలుసు. తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమే మిగిలింది. నివేదిక ముందుగా తెప్పించుకోండి. అభ్యంతరం రాసి తీసుకెళ్ళండి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకటిచ్చి, రెండోదాని మీద తారీఖు వేయించి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

ఆ కాగితం తర్వాత పనికొస్తుంది. అల్బేనియాలో వ్యోసా నది మీద పోచెమ్ అనేచోట ఆనకట్ట ప్రతిపాదిస్తే స్థానికులు, పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్ళారు. ప్రభావ నివేదిక లోపభూయిష్ఠంగా ఉందని, జనాన్ని సంప్రదించాల్సిన పద్ధతిలో సంప్రదించలేదని వాళ్ళ వాదన. 2017లో టిరానా కోర్టు వాళ్ళ వైపే తీర్పిచ్చింది. 2023 మార్చిలో ఆ నదిని నేషనల్ పార్కుగా ప్రకటించారు. సభ పెట్టడమనేది చట్టం అడిగిన పని. అది సరిగ్గా జరిగిందా లేదా అని చెప్పగలిగేది అక్కడికి వెళ్ళినవాళ్ళే.

అనుమతి వచ్చేసింది కాబట్టి అయిపోయిందనుకోకండి. వ్యర్థ జలాలు వదిలే పర్మిట్లు శాశ్వతం కావు. అమెరికా చట్టంలో అయితే అయిదేళ్ళకు మించి ఇవ్వరు. రెన్యువల్‌కు ముందు జనం అభిప్రాయం చెప్పడానికి కనీసం 30 రోజులు గడువుండాలి. మీ దగ్గర ఎన్నేళ్ళో కనుక్కోండి. రెన్యువల్ తారీఖు క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.

ఇక్కడ నా మనసులోది ఒకటి చెప్పాలి. నేను పనిచేసినన్నాళ్ళూ ఒక అవుట్‌ఫాల్ దగ్గర, అంటే మురుగు నదిలో పడేచోట, నీళ్ళు నెలనెలా పరీక్షించి రిపోర్టు పంపాం. ఆక్సిజన్ సున్నా, మళ్ళీ సున్నా, మళ్ళీ సున్నా. ఆ రిపోర్టులు పై ఆఫీసులో ఫైల్లో చేరేవి. తొమ్మిదేళ్ళు ఎవరూ అడగలేదు. ఒకరోజు ఒక పెద్దాయన దరఖాస్తు పెట్టి అన్నిటి కాపీలూ తీసుకెళ్ళారు. రెండు నెలలు తిరక్కుండా ఆ అంకెలు కౌన్సిల్ సమావేశంలో చదివారు, మురుగు మళ్ళించే పైపుకు టెండరు పిలిచారు. అంకెలు అంతకుముందూ అవే. అడిగిన మనిషి కొత్త. ఆ తొమ్మిదేళ్ళు తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. సమాచారం అడిగే హక్కు ఇవాళ వందకు పైగా దేశాల్లో చట్టంగా ఉంది. దాన్ని దయచేసి వాడండి.

మా బృందం నెలకోసారి ఒడ్డున ప్లాస్టిక్ ఏరుతుంది. ఓటు, వినతి పత్రం అనగానే సగంమంది 'మనకు రాజకీయాలొద్దు' అంటారు. ఏమంటారు?
*– ఒక యువకుడు*

ఏరడం మానకండి. ఏరేటప్పుడు ఒక పుస్తకం పెట్టి ఏ పైపు దగ్గర ఏం దొరికిందో రాయండి. వచ్చే నెల మళ్ళీ అక్కడే దొరికితే సమస్య ఒడ్డున లేదు, పైపుకు అవతల ఉంది. అక్కడికి చీపురు చేరదు.

స్లొవేనియాలో నీటి చట్టానికి, తీరాల దగ్గర కట్టడాలకు దారి తెరిచే సవరణలు వచ్చినప్పుడు జనం సంతకాలు సేకరించి రిఫరెండం తెచ్చుకున్నారు. అక్కడ 40,000 సంతకాలు కావాలి. 2021 జులై 11న, నడి వేసవిలో, 46 శాతం మంది వచ్చి ఓటేశారు. అందులో 86 శాతానికి పైగా వద్దన్నారు, ఆ సవరణలు ఆగిపోయాయి. వచ్చినవాళ్ళంతా ఒకే పార్టీ వాళ్ళయితే అన్ని ఓట్లు పడవు. మీ వాళ్ళకు ఈ సంగతి చెప్పి చూడండి.

నాకు పదహారేళ్ళు. ఓటు రావడానికి ఇంకా టైముంది. అప్పటిదాకా నది గురించి నేను చేయగలిగింది ఏమైనా ఉందా, మేడమ్?
*– ఒక విద్యార్థిని*

ఉంది తల్లీ. అందరికంటే నీ ఉత్తరమే నాకు ఎక్కువ సంతోషమిచ్చింది.

మీ కెమిస్ట్రీ టీచర్‌ని అడిగి ల్యాబ్‌లో ఒక ప్రయోగం చెయ్యి. దాన్ని వింక్లర్ పద్ధతి అంటారు. గాజు మూత సీసాలో గాలిబుడగ లేకుండా నది నీళ్ళు నింపుతారు. అందులో మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత అయొడైడ్ కలిసిన క్షార ద్రావణం వేసి, మూత బిగించి తిప్పుతారు. నీటిలో ఆక్సిజన్ ఉంటే మేఘంలాంటి గోధుమరంగు పదార్థం ఏర్పడి మెల్లగా అడుక్కి దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే అదే మేఘం తెల్లగా ఉండిపోతుంది. మొదటిసారి తెల్లగా దిగడం చూసినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పాలలా తెల్లగా, అందంగా ఉంది. దాని అర్థం తెలిశాక ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. రసాయనాలు ఒంటికి తగలకూడదు, పెద్దవాళ్ళు పక్కనుండాలి. ఏటి దగ్గరికీ ఒంటరిగా వెళ్ళకు.

ఈ పని పిల్లల ఆట అనుకోకు. ఇంగ్లండ్‌లో ఇల్క్‌లీ అనే ఊరి జనం తమ వార్ఫ్ నది నీళ్ళలో బాక్టీరియా ఎంతుందో తామే పరీక్షలు చేయించి, దీన్ని స్నానాలకు వాడే నదిగా గుర్తించమని పట్టుబట్టారు. 2020 డిసెంబరులో ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నదీభాగం అదే. మర్నాటికల్లా నీళ్ళేమీ మారలేదు. తర్వాత ఏడాది నీటి నాణ్యతకు ఇచ్చిన గ్రేడు కూడా అన్నిటికంటే కిందిదే. అయితే గుర్తింపు వచ్చాక సీజన్‌లో క్రమం తప్పకుండా పరీక్షించి ఫలితాలు బయటపెట్టడం ప్రభుత్వం బాధ్యత అయింది. ఇప్పుడు ఆ అంకెలు అందరికీ కనబడతాయి.

నీ ఫలితాలు వచ్చాక వాటిని మీ ప్రాంతం కౌన్సిలర్‌కు ఉత్తరంగా రాయి. ఉత్తరం రాయడానికి ఎవరూ నీ వయసు అడగరు. నెలనెలా ఒకే చోట, ఒకే వేళకు తియ్యి. సీసాలో నీళ్ళు పట్టకముందే దాని మీద చీటీ అంటించి, చెరగని ఇంకుతో చోటు, తారీఖు, టైము రాయి. చేతులు తడిశాక రాయడం కుదరదు.