ఒకే ఫోన్, రెండు సిమ్‌లు: జియోకి మాత్రం 5జీ రావట్లేదంటే
మీ ఫోన్‌లో ఎస్‌ఏ మోడ్ (స్టాండలోన్, అంటే సొంతంగా నడిచే 5జీ) ఆఫ్‌లో ఉండి ఉంటుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎయిర్‌టెల్ సిమ్‌కి 5జీ వస్తూ, అదే ఫోన్‌లో జియో 4జీలోనే ఆగిపోతోందంటే, లక్షణం అదే. 2022లో ఎయిర్‌టెల్ అప్పటికే ఉన్న 4జీ ఆధారంగా నడిచే ఎన్‌ఎస్‌ఏ (నాన్-స్టాండలోన్) 5జీతో మొదలుపెట్టింది. పని త్వరగా అవుతుంది, ఎక్కువ ఫోన్లకు సరిపోతుంది. జియో 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ (రేడియో తరంగాలు) కూడా కొని, 4జీ ఆసరా అక్కర్లేని ఎస్‌ఏ ఎంచుకుంది. అందుకే ఎస్‌ఏ ఆఫ్‌లో ఉంటే జియో 5జీ రాదు.

1. సిస్టమ్ అప్‌డేట్ ఉంటే వేయండి.
2. సెట్టింగ్స్‌లో జియో సిమ్‌కి విడిగా నెట్‌వర్క్ టైప్ 5జీ ఆటో పెట్టండి.
3. చాలామంది వదిలేసేది ఇదే: అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. కొన్ని ఫోన్లలో 5జీ మోడ్ అక్కడే ఉంటుంది. అది ఎన్‌ఎస్‌ఏ మీద ఉంటే ‘ఎన్‌ఎస్‌ఏ + ఎస్‌ఏ’ చేయండి. మిగతావేవీ ముట్టుకోవద్దు.

తర్వాత ఫోన్ రీస్టార్ట్ చేయండి. ఇది చూడకుండా కొత్త ఫోన్‌కి మాత్రం డబ్బు పెట్టకండి.