420 డిగ్రీలు చూపిస్తున్నా సోల్డర్ అతకకపోతే ఐరన్ మార్చాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది: సోల్డరింగ్ స్టేషన్ (ఐరన్ వేడిని నియంత్రించే పెట్టె) తెర మీద 350 డిగ్రీలు కనిపిస్తున్నా సోల్డర్ ప్యాడ్ (బోర్డు మీద అతుకు వేసే రాగి మచ్చ) మీద పాకకుండా ముత్యంలా గుండ్రంగా నిలిచిపోతోంది, 420కి పెంచినా గ్రౌండ్ పిన్ (బోర్డులోని పెద్ద రాగి పరుపుకు కలిసే పిన్) దగ్గర ఫలితం లేదు, అందువల్ల ఎక్కువ వాట్ల ఐరన్ కొనాలా అని అడుగుతున్నారు. ఇప్పుడే కొనవద్దని నా సలహా. తగరం 63, సీసం 37 పాళ్లున్న సోల్డర్ 183 డిగ్రీల వద్దే కరుగుతుంది. సీసం లేని రకాల్లో ఎక్కువగా వాడేది సుమారు 217 దగ్గర కరగడం మొదలుపెడుతుంది. కాబట్టి 350 డిగ్రీలు ఏ విధంగానూ తక్కువ కాదు. హీటర్ దగ్గర పుట్టిన వేడి అతుకు దాకా చేరే దారిలో ఎక్కడో ఆటంకం ఉంది. దాన్ని వెతకకుండా డిగ్రీలు పెంచితే లోహం మీది ఆక్సైడ్‌ను తొలగించే ఫ్లక్స్ తన పని చేయకముందే మాడిపోతుంది, ఐరన్ కొసన ఉండే బిట్ మరింత త్వరగా నల్లబడుతుంది, ప్యాడ్ బోర్డు నుంచి ఊడివస్తుంది. ఈ మూడూ నాకు ఒకే వారంలో జరిగాయి.

ముందుగా బోర్డును పక్కన పెట్టి, వేడెక్కిన బిట్ మొనకు కొత్త సోల్డర్ తీగను తాకించి చూడండి. వెంటనే కరిగి మొన అంతటా మెరుస్తూ పరుచుకుంటే బిట్ బాగున్నట్టే. వెంటనే కరిగినా అంటుకోకుండా జారిపోతే బిట్ మీద ఆక్సైడ్ పొర పేరుకుంది. కరగడమే ఆలస్యమైతే మాత్రం హీటర్ నుంచి బిట్‌కే వేడి అందడం లేదు.

ఈ మూడో సంగతి చాలామందికి తట్టదు, నాకూ చాలాకాలం తట్టలేదు. సిరామిక్ కడ్డీలాంటి హీటర్ మీద బోలు బిట్‌ను తొడిగే స్టేషన్లలో ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ సాధారణంగా ఆ హీటర్ లోపలే ఉంటుంది. అంటే తెర మీద కనిపించే అంకె హీటర్‌ది, బిట్ మొనది కాదు. నా ఐరన్‌లో బిట్‌ను పట్టి ఉంచే నట్టు వదులై, బిట్ లోపలి గోడకు కిట్టం పట్టి ఉంది. మధ్యలో మిగిలిన గాలి సందు వేడిని అడ్డుకుంటుంటే, తెర మాత్రం 430 అని నిబ్బరంగా చూపిస్తూనే ఉంది. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక బిట్‌ను విప్పి, తలకిందులుగా తట్టి పొడి రాల్చి, హీటర్‌ను పొడిగుడ్డతో మెల్లగా తుడిచి, నట్టును చేతితోనే బిగించాను. సిరామిక్ పెళుసుగా ఉంటుంది కనుక ఇక్కడ బలం చూపకూడదు. ఆ తర్వాత అదే అతుకు 340 డిగ్రీల వద్ద రెండు మూడు సెకన్లలో పూర్తయింది.

బిట్ నల్లబడితే ఆకురాయితో గాని గరుకు కాగితంతో గాని రుద్దవద్దు. బిట్ లోపల ఉండేది రాగి. కరిగిన తగరం రాగిని తనలో కలుపుకొని తినేస్తుంది కనుక దాని మీద పలుచని ఇనుప పూత వేస్తారు. నేను తెలియక ఒక బిట్‌ను అరగదీశాను. ఆ ఒక్కరోజు అద్భుతంగా పనిచేసి, ఆ వారంలోనే మొన గుంటపడింది. ఇత్తడి తీగల ఉండలో గుచ్చి తుడవడం, వెంటనే రోజిన్ ఫ్లక్స్ ఉన్న సోల్డర్‌తో మళ్లీ కళాయి పెట్టడం, స్టేషన్ ఆపేముందు మొన మీద కొంత సోల్డర్‌ను అలాగే వదిలేయడం, ఈ అలవాట్లతోనే చాలా బిట్లు బాగుపడతాయి.

ఇక బిట్ బాగానే ఉండి అతుకే కుదరకపోతే, రెండు గట్టి లోహాలు తాకినప్పుడు నిజానికి అవి కొన్ని బిందువుల వద్దే కలుస్తాయనీ, మిగిలిన సందంతా గాలేననీ గుర్తుంచుకోవాలి. ఎంత గట్టిగా నొక్కినా ఆ సందు పోదు. బిట్ మొనకు ఒక చిన్న బొట్టు సోల్డర్ పెట్టి, దాన్ని పిన్‌కూ ప్యాడ్‌కూ ఒకేసారి తాకించండి. కరిగిన ఆ బొట్టే వేడికి వంతెన అవుతుంది. తర్వాత మిగిలిన సోల్డర్‌ను ఎదుటి వైపు నుంచి అందించండి. సూదిమొన బిట్ చూడడానికి నాజూకుగా ఉన్నా తాకే వైశాల్యం చాలా తక్కువ. ఉలి ఆకారపు బిట్‌లో ప్యాడ్‌కు సరిపడే వెడల్పున్నది ఎంచుకోండి. పిన్ పాతబడి చిలుము పట్టి ఉంటే దాన్ని గీకి, కాస్త ఫ్లక్స్ రాయండి. నీటి గొట్టాల అతుకులకు వాడే ఆమ్లపు ఫ్లక్స్ మాత్రం బోర్డు దరికి రానీయవద్దు, అది తర్వాత రాగిని తినేస్తుంది.

గ్రౌండ్ పిన్ సంగతి వేరు. రాగి వేడిని ఎంత వేగంగా మోసుకుపోతుందంటే, ఆ ప్యాడ్‌ను చుట్టూ ఉన్న రాగి పరుపుతో వేడిని అడ్డుకొనే సన్నని చీలికలు లేకుండా నేరుగా కలిపి ఉంటే, మీరిచ్చే వేడి బోర్డంతా పరుచుకుంటుంది. అక్కడ వెడల్పు బిట్ వాడి, బోర్డును కింది నుంచి సుమారు 100 డిగ్రీల దాకా ముందే వేడిచేస్తే పని సులువవుతుంది. ఉష్ణోగ్రతను ఒక 20, 30 డిగ్రీలు పెంచడానికి నేను ఒప్పుకొనేది ఈ ఒక్కచోటే.

నట్టు బిగించి, మెరిసే వెడల్పు బిట్‌తో, బోర్డును ముందే వేడిచేసి చూసినా, ఆ పిన్‌ను తాకగానే తెర మీది అంకె బాగా పడిపోయి తిరిగి పైకి రాకపోతే, అప్పుడు మాత్రం వాట్లు చాలడం లేదని అనుకోవచ్చు. ఎక్కువ వాట్ల ఐరన్ గురించి అప్పుడు ఆలోచించండి.