బస్తా విప్పకుండా లెక్క చూసే ఉద్యోగం

చెన్నై రెడ్‌హిల్స్‌లో బియ్యం వ్యాపారం చేసే ఒక నాన్నగారు రాశారు. అమ్మాయిది బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది, చేత్తో పట్టుకునే రేడియేషన్ డిటెక్టర్లతో దేశాల అణుపదార్థం లెక్క చూసే పనికి వెళ్తానంటోందట. ఆయన డేటా సైన్స్ అంటున్నారు. ఏది నయం?

సార్, మీ ఉత్తరంలో రేడియేషన్ అని నాలుగుసార్లు, సంబంధాలు అని మూడుసార్లు ఉంది, జీతం ఊసు ఒక్కసారే. టెన్షన్ ఎక్కడుందో తెలిసిపోయింది.

మీ గోడౌన్‌కి బ్యాంకువాళ్లు స్టాకు తనిఖీకి వస్తారు కదా, ఇదీ అంతే. వియన్నాలో ఉన్న ఐఏఈఏ, అంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఇన్‌స్పెక్టర్లు దేశాలు చెప్పిన లెక్కను సరుకుతో సరిచూస్తారు. మీరు బస్తాకి గొట్టం పొడిచి గింజ చూస్తారు, వాళ్లు ప్రతి యురేనియం సిలిండర్‌నీ విప్పలేరు కాబట్టి బయటే డిటెక్టర్ ఆనించి, యురేనియం-235 విడిచే 186 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణాలను లెక్కపెట్టి శుద్ధి శాతం, అంటే మొత్తం యురేనియంలో 235 ఎంత శాతమో, చెబుతారు. గోడ మందం కూడా కొలవాలి, లేకపోతే లోహం మింగేసిన కిరణాల వల్ల శాతం తక్కువ చూపిస్తుంది. 8 కిలోల ప్లుటోనియం కనబడకపోతే బాంబు అనుమానం కొట్టిపారేయలేమని ఐఏఈఏ లెక్క.

ఇక మీ భయం. మన దేశంలో ఈ పనివాళ్లకి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులే (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే యూనిట్) పరిమితి, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు, ఒంటిమీద బ్యాడ్జితో కొలుస్తారు. మీ గోడౌన్‌లో రోజంతా దుమ్ము పీల్చే హమాలీకి ఏ బ్యాడ్జి పెట్టారు సార్? పెళ్లివాళ్లు అడగని ప్రశ్నకి ఇప్పట్నుంచే జవాబు వెతుకుతున్నారు మీరు.

డేటా సైన్స్ మీద నాకు అనుమానాలున్నాయి. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు పొడవునా ఆ కోర్సుల బోర్డులే. ఆర్నెల్ల కోర్సుకి లక్షలు పోసి నా దగ్గరికొచ్చే పిల్లలు టూల్ పేర్లు గడగడా చెబుతారు, ఈ అంకెలో పొరపాటు ఎంతుండొచ్చు అంటే నోరు మెదపరు. గామా స్పెక్ట్రమ్ (ఏ శక్తి కిరణాలు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫు) చదివే పిల్ల పైథాన్ ఎలాగూ రాస్తుంది, చుట్టూ మామూలుగా ఉండే రేడియేషన్, అదే బ్యాక్‌గ్రౌండ్, తీసేసి పొరపాటు ఎంతో కూడా చెబుతుంది. రేపు మనసు మారితే ఇటునుంచి అటు వెళ్లడం తేలిక, అటునుంచి రావడమే కష్టం.

అయితే డిగ్రీ అవగానే వియన్నా విమానం ఎక్కదు. పోస్టులు కొన్నే, అనుభవం అడుగుతారు. ఎమ్మెస్సీ, ఆపై బార్క్‌లో (ముంబైలోని బాబా అణు పరిశోధన కేంద్రం) ఏడాది శిక్షణ, కొన్నేళ్ల పని. ఎంట్రన్స్ సంగతి అమ్మాయికే తెలుసు.

ముందు కాలేజీ ల్యాబ్‌లో నెలరోజులు కౌంటింగ్ చెయ్యనివ్వండి, విసుగేస్తే తనే చెబుతుంది. అప్పటిదాకా ఆ కోర్సుకి అడ్వాన్సు కట్టకండి, కట్టేసి ఉంటే రేపే వెళ్లి రిఫండ్ అడగండి.