ఇంజిన్ విప్పే ముందు కొలవడం నేర్చుకోవాలి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసై, సెలవుల్లో మోటారు సైకిల్ మెకానిక్ షాపుకు వెళ్తున్నాడు. పికప్ తగ్గి, త్వరగా వేడెక్కే బండి వస్తే అక్కడ నేరుగా బోరు కిట్టు (సిలిండర్, పిస్టన్, రింగుల సెట్టు) మార్చేస్తారట. తాను ఈ పనిలోనే స్థిరపడతానంటున్నాడు. ఐటీఐలో చేర్పించాలా, షాపులోనే ఉంచాలా? – ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: ఐటీఐలో చేర్పించండమ్మా. మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు 2 ఏళ్లు ఉంటుంది. అందులో కార్లు, పెద్ద వాహనాల పని ఎక్కువ కనుక, బైకులపై చేయి తిరగడానికి సాయంత్రాలు షాపుకు వెళ్లనివ్వండి. అయితే ఆ షాపు పద్ధతినే అబ్బాయి సరైనదనుకోకూడదు.

పికప్ తగ్గిన ప్రతి బండికీ బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగి ఉండదు. ఇంజిన్‌ను కాసేపు నడిపి వేడెక్కించి, స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) కొలిచే గేజ్ బిగించి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక పైకి కదలని వరకు కిక్ కొట్టి, వచ్చిన అంకెను ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌తో పోల్చి చూడాలి. అంకె తక్కువగా ఉంటే ప్లగ్ రంధ్రంలో ఒక చిన్న చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అప్పుడు స్పష్టంగా పెరిగితే రింగులో బోరో అరిగాయని, పెరగకపోతే లోపం వాల్వుల దగ్గరో, సిలిండర్‌కూ దాని పైన ఉండే హెడ్‌కూ మధ్య సీలుగా ఉండే హెడ్ గాస్కెట్‌లోనో ఉందని అనుమానించవచ్చు. ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే ఖాళీ) బొత్తిగా లేకపోయినా వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పడిపోతుంది. చల్లారిన ఇంజిన్‌పై ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్నని రేకులతో, ఆ సందు సరిచేస్తే తీరిపోయే లోపానికి కిట్టు వేయడం బండి యజమానికి చేసే అన్యాయమే.

వేడెక్కడానికీ ఇలాగే కారణం వెతకాలి. గాలితో చల్లబడే ఇంజిన్‌లో సిలిండర్ చుట్టూ ఉండే ఫిన్ల (రెక్కల) మధ్య పేరుకున్న బురదను, ఆయిల్ మట్టాన్ని, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమాన్ని ముందుగా పరిశీలించాలి. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉన్న బండిలో ఫ్యాన్, వేడిని బట్టి ఆ ద్రవాన్ని వదిలే థర్మోస్టాట్, వాటర్ పంపు చూడాలి. హెడ్ గాస్కెట్ దెబ్బతింటే సిలిండర్‌లోని వాయువులు కూలెంట్‌లోకి చొరబడి, పికప్ తగ్గడం, వేడెక్కడం రెండూ కలిసి కనిపిస్తాయి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదని మాత్రం అబ్బాయికి ఈ రోజే చెప్పండి. ఒత్తిడితో ఎగజిమ్మే కూలెంట్ ముఖాన్ని కాల్చేస్తుంది.

ఐటీఐ తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో శిక్షణ పొందవచ్చు. అప్పుడు బైకు కంపెనీల అధీకృత సర్వీస్ సెంటర్లలో అవకాశం కోసం ప్రయత్నించమనండి. చేర్పించే ముందు మీరిద్దరూ ఐటీఐ వర్క్‌షాపుకు వెళ్లి, ఈ గేజులను విద్యార్థుల చేతికి ఇచ్చి కొలిపిస్తున్నారో, బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారో అడిగి తెలుసుకోండి.