కన్సల్టింగ్ ఫైనల్ రౌండ్ అయి వారం దాటింది, ఇంకా కబురు లేదు. ఈ టెన్షన్‌తో ఏం చేయాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్ ఆఫీసుకి ఫైనల్ రౌండ్ అయి వారం దాటింది, కేసులో, అంటే ఇంటర్వ్యూలో విడగొట్టి తేల్చమని ఇచ్చే వ్యాపార సమస్యలో, లెక్క చేస్తూ ఒక సున్నా వదిలేశారు, మీరే పట్టుకుని సరిచేశారు, ఇంటర్వ్యూ చేసిన పార్ట్‌నర్ (ఫర్మ్‌లో పైస్థాయి మనిషి) మాత్రం అవుననీ కాదనీ అనకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు, అప్పట్నుంచి నిద్ర లేదు, ఫోన్ మోగితే గుండె దడ. నేను వైజాగ్‌లో ఎంవీపీ కాలనీలో ఉండగా ఇలాంటి ఇంటర్వ్యూకే కూర్చున్నాను, ఇలాగే ఎదురుచూశాను. ఇప్పుడు అదే పనిలో ఉన్నాను, అప్పుడప్పుడు ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూడా కూర్చుంటున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ సున్నా సంగతి. మీరే పట్టుకుని దిద్దుకున్నారు కాబట్టి అదొక్కటే మిమ్మల్ని ముంచదు. ఓదార్పుకి చెప్పట్లేదు. కేసులో కాలిక్యులేటర్ ఇవ్వనిది ఎందుకంటే, ఒత్తిడిలో ఉన్న మనిషి వచ్చిన అంకెని ఒక్క క్షణం ఆగి "ఇది నమ్మేలా ఉందా" అని చూసుకుంటాడా లేదా అన్నది తెలియాలని. తప్పు అంకె మీదే సలహా అంతా కట్టేసి ధీమాగా చెప్పేసే వాళ్లంటేనే మాకు భయం, రేపు క్లయింట్ దగ్గర కూడా అదే చేస్తారు కాబట్టి.

నాకు జరిగింది చెప్తాను. వీడియోలో ఇంటర్వ్యూ, అవతల సీనియర్ పార్ట్‌నర్. మీ ఊరి బీచ్‌లో జనం ఏం తింటారు అని అడిగారు, ముంత మసాలా అన్నాను, అయితే ఆదివారం సాయంత్రం ఎన్ని పొట్లాలు అమ్ముడవుతాయో లెక్క కట్టండి అన్నారు. ఊరి జనాభా 20 లక్షలు అనుకుని, అందులో నూటికి ముగ్గురు ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌కి వస్తారనుకుంటే 60 వేల మంది, వాళ్లలో మూడో వంతు కొంటే 20 వేల పొట్లాలు. తర్వాత బండి వైపు నుంచి చూశాను. ఉల్లిపాయ, టమాటా తరిగి, మరమరాల్లో కారం కలిపి, నిమ్మకాయ పిండి, కాగితం చుట్టి చేతికిచ్చేసరికి రెండు నిమిషాలు, అంటే గంటకి 30. బండ్లు 100, సాయంత్రం 4 గంటలు అనుకుంటే 12 వేలు. రెండూ కలవలేదు. కలవలేదనే పైకి చెప్పాను. నూటికి ముగ్గురన్నది నా ఊహ, చేతి వేగాన్ని మాత్రం నేను రోజూ చూస్తాను, కాబట్టి రెండో అంకె దగ్గరే ఉంటాను, బండ్లు ఎన్ని ఉన్నాయో ఎవరైనా ఒకసారి నడిచి లెక్కపెడితే ఇది ఇంకా గట్టిపడుతుంది అన్నాను. ఆయన "ఓకే" అన్నారు. అంతే. మొహంలో ఏమీ లేదు, నోట్స్‌లో ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లారు.

ఆ "ఓకే" గురించి నేను ఎన్ని రాత్రులు ఆలోచించానో! చేరాక అర్థమైంది, ఆయన అందరి దగ్గరా అంతే. చాలామంది కావాలనే ఏమీ పైకి కనబడనివ్వరు. ఒకరికి తల ఊపి ఇంకొకరికి ఊపకపోతే ఆ సాయం అందరికీ సమానంగా అందదు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, మీ జవాబు సరిగానే ఉన్నా "నాకు నమ్మకం కలగట్లేదు" అంటారు, అప్పుడు మీరు మొండికేస్తారా, తడబడి మాట మార్చేస్తారా, కారణం చెప్పి నిలబడతారా అని చూడటానికి. అంతకుముందు వేరే చోట నవ్వుతూ కబుర్లు చెప్పి, మీతో మాట్లాడటం చాలా బావుంది అన్న ఇంటర్వ్యూలో నాకు ఉద్యోగం రాలేదు.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది. రాత్రి పడుకుని మీరు తిప్పితిప్పి చూసుకుంటున్నది జవాబు, ఆయన నోట్ చేసుకున్నది మీ దారి. అంటే ఆయన ఇచ్చిన మార్కులు ఒక పేపర్‌కి, మీరు దిద్దుకుంటున్నది ఇంకో పేపర్. ప్రశ్నని ముక్కలుగా ఎలా విడగొట్టారు, అర్థం కానిది అడిగారా, అంకెలతో ఎంత సౌకర్యంగా ఉన్నారు, చివర్లో రెండు వాక్యాల్లో తేల్చి చెప్పగలిగారా, ఈ మనిషిని క్లయింట్ ముందు కూర్చోబెట్టొచ్చా... నేను చూసినంతలో ఇలాంటి వాటికి విడివిడిగా రాస్తారు, అదీ వీలైతే గుర్తున్నప్పుడే, ఆ రోజో మర్నాడో. కాబట్టి మీరు ఎంత తవ్వినా మీకు దొరికేది మీకు గుర్తున్న ముక్కే.

మరి ఆలస్యం ఎందుకు? ఇంటర్వ్యూ చేసినవాళ్లందరూ ఒకసారి కలిసి మాట్లాడుకోవాలి, అందులో ఒకరు క్లయింట్ ఊళ్లో ఉంటారు, మిగతా అభ్యర్థుల రౌండ్లు అయ్యుండవు, ఆ ఆఫీసులో ఈ విడతకి ఎంతమందిని తీసుకోవాలో తేలి ఉండదు. ఇంకొకటి కూడా ఉంది, దాచడం ఇష్టం లేదు: ముందు వేరేవాళ్లకి ఆఫర్ ఇచ్చి, వాళ్ల జవాబు వచ్చేదాకా మిమ్మల్ని పక్కన పెట్టి ఉండొచ్చు. అలా వెయిటింగ్‌లో ఉండి చేరినవాళ్లు నాకు తెలుసు. వారం రోజుల మౌనాన్ని బట్టి అటో ఇటో తేల్చుకోకండి.

ఇప్పుడు మీరు చేయగలిగింది. ఫలానా రోజుకి చెప్తాం అని హెచ్‌ఆర్ అని ఉంటే, ఆ రోజు దాటి రెండు పనిదినాలు చూసి మెయిల్ పెట్టండి. ఏమీ అనకపోతే వారం దాటింది కాబట్టి ఇవాళే పెట్టొచ్చు. ఏ పోస్టు, ఏ రోజు ఇంటర్వ్యూ, ఇంకా ఆసక్తి ఉంది, ఎప్పటికి తెలుస్తుందో చెప్పగలరా: ఈ నాలుగు మాటలు చాలు. ఆ సున్నా గురించి సంజాయిషీ రాయకండి, వాళ్లు మర్చిపోయినదాన్ని మీరే గుర్తుచేసినట్టవుతుంది. పార్ట్‌నర్‌కి లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ కూడా వద్దు. చేతిలో ఇంకో ఆఫర్ నిజంగా ఉంటే దాని గడువు చెప్పండి, అది పనిని కదిలిస్తుంది. లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పకండి, "అయితే అందులో చేరిపోండి" అంటే మీ దగ్గర మాట ఉండదు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. ఫోన్లో "ఆల్ ద బెస్ట్, త్వరలో కలుద్దాం" అన్నా సరే.

నాకైతే ఇంట్లోవాళ్ల కంటే బయటి ప్రశ్నలే ఎక్కువ బాధపెట్టాయి. రైతు బజారులో వంకాయలు ఏరుతుంటే కూడా "ఏమ్మా, ఏమైంది నీ ఉద్యోగం?" అనేవారు పక్కింటి ఆంటీ. ప్రేమగానే అడిగేవారు, కానీ ఆ మాట విన్నాక సంచి పట్టుకుని ఇంటికి వచ్చేదాకా కడుపులో తిప్పేది. చివరికి అమ్మతో చెప్పాను, తెలిశాక నేనే చెప్తాను, అప్పటిదాకా ఎవరడిగినా నువ్వే జవాబు చెప్పు అని. అమ్మ ఆ పని తన మీద వేసుకుంది, నాకు చాలా తేలికైంది. మీ ఇంట్లో కూడా ఒకరికి అప్పగించి చూడండి. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు రానివ్వని సమయంలో ఫోన్ ఇంట్లో పెట్టి నడిచేదాన్ని, ఆ వేళకి ఏ హెచ్‌ఆరూ కాల్ చేయరు. అలా నడిచిన రోజుల్లో రాత్రి కాస్త ముందు నిద్ర పట్టేది.

మీ కేసు ఇంకా గుర్తున్నప్పుడే కాగితం మీద మొత్తం రాసి పెట్టండి, ప్రశ్న, మీరు విడగొట్టిన తీరు, ఆయన ఎక్కడ అడ్డుపడ్డారు, అన్నీ. వేరే ఫర్మ్‌లకి ప్రాక్టీస్ ఆపొద్దు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఒకసారి కాదన్నాక చాలా చోట్ల ఏడాది, రెండేళ్ల దాకా మళ్లీ అప్లై చేయనివ్వరు, అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టడం కష్టం.

ఒకవేళ కాదని ఫోన్ వస్తే వెంటనే పెట్టేయకండి. ఏ రౌండ్లో, ఏ విషయంలో వెనకబడ్డానో చెప్పగలరా అని అడగండి. ఫైనల్ దాకా వచ్చినవాళ్లకి చాలామంది చెప్తారు, ఐదు నిమిషాలైనా సరే. అప్పుడు ఈ రాసి పెట్టుకున్న కాగితం పక్కన పెట్టుకుని వినండి.